14 నెలల బ్యాండు, ఒక్క హిట్టు, అదీ అరువు బాణీ. ఈ స్కాటలైట్స్‌ని ఇంతగా నెత్తిన పెట్టుకోవడం ఎందుకు?

బందరు_బూర
మా నాన్న ముప్ఫై ఏళ్ళుగా పెళ్ళిళ్ళకి బ్యాండు మేళం నడుపుతున్నారు. నేను వారమంతా ఉద్యోగం చేసుకుని శని, ఆదివారాలు ఆయన పక్కన ట్రంపెట్ ఊదుతాను. వచ్చే నెల మా బాబాయి కొడుకు పెళ్ళి. వాడు ఇంగ్లండులో చదువుకుని వచ్చాడు. "పెదనాన్నా, ఊరేగింపులో నాకు ఈ పాటే కావాలి" అని ఒకటి పంపాడు. జమైకా బ్యాండు, పేరు స్కాటలైట్స్. పాట గన్స్ ఆఫ్ నవరోన్. మాటలు దాదాపు లేవు, అంతా బూరలే.

నాన్నకి ట్యూను రెండుసార్లు వినగానే వచ్చేసింది. దరువు మాత్రం మా ఎవరికీ దొరకడం లేదు. ఎక్కడ కొట్టకూడదో అక్కడే కొడుతున్నట్టు ఉంది.

అసలు నా కంప్లయింట్ వేరే. ఎవరు వీళ్ళు అని వెతికితే 1964లో మొదలై 1965లో విడిపోయారట. మొత్తం 14 నెలలు. బ్రిటన్ చార్టుల్లోకి వచ్చింది ఈ ఒక్క పాటే. అది కూడా 1961 నాటి హాలీవుడ్ యుద్ధం సినిమా ట్యూన్, దిమిత్రి త్యోమ్‌కిన్ చేసింది. సొంతది కూడా కాదు! కానీ ఎక్కడ చదివినా "దిగ్గజాలు", "మూలపురుషులు" అంటున్నారు. మా ఊళ్ళో సినిమా పాటలు వాయించే మేళాలు ఇరవై ఉన్నాయి. వాళ్ళనెవరూ మూలపురుషులు అనరే?

రావులపాలెం_రాజు
14 నెలలు తక్కువేం కాదు బ్రదర్. మా కాలేజీ ఆర్కెస్ట్రా రెండు రిహార్సల్స్‌కే విడిపోయింది. కారణం కీబోర్డు ఎవరింట్లో పెట్టాలనే గొడవ.

కోటిపల్లి_రేవు
బూర గారితో ఏకీభవిస్తున్నా. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, త్యోమ్‌కిన్ ట్యూనుకి వీళ్ళకి పేరు. మన దగ్గర హిందీ బాణీ తెచ్చి తెలుగులో పెడితే కాపీ అంటాం. ఇంగ్లీషువాళ్ళు చేస్తే "కవర్" అంట. ముసుగేస్తే దొంగతనం కాకుండా పోతుందా?

పాతరికార్డులు
రేవు గారూ, వీళ్ళు ఇంగ్లీషువాళ్ళు కాదు, జమైకా రాజధాని కింగ్‌స్టన్ వాళ్ళు. త్యోమ్‌కిన్ పేరేమీ దాచలేదు, సినిమా పేరే పాట పేరుగా పెట్టుకున్నారు. దొంగ ఇంటి నంబరు రాసిపెట్టి వెళ్ళడు కదా.

బూర గారి ప్రశ్న అర్థమైంది కానీ లెక్క వేసిన పద్ధతి తప్పు. స్కాటలైట్స్ అనే పేరుకి 14 నెలలే. ఆ మనుషులు అంతకు ముందు నుంచే జమైకాలో రికార్డయ్యే పాటల్లో చాలావాటికి వాయిస్తున్నారు. టెనర్ శాక్సోఫోన్ టామీ మెకుక్, రోలండ్ అల్ఫాన్సో, ఆల్టో లెస్టర్ స్టెర్లింగ్, ట్రోంబోన్ డాన్ డ్రమండ్, ట్రంపెట్ జానీ మూర్, పియానో జాకీ మిట్టూ, గిటార్ జా జెర్రీ, బేస్ లాయిడ్ బ్రెవెట్, డ్రమ్స్ లాయిడ్ నిబ్. వీళ్ళు పొద్దున ఒక నిర్మాతకి, మధ్యాహ్నం ఇంకో నిర్మాతకి వాయించే స్టూడియో మనుషులు. కాక్సన్ డాడ్ అనే నిర్మాత బ్రెంట్‌ఫర్డ్ రోడ్డులో స్టూడియో వన్ పెడితే అక్కడ, డ్యూక్ రీడ్ అనే ఇంకో నిర్మాత పిలిస్తే అక్కడ. 1964 జూన్‌లో ఒక క్లబ్బులో అందరూ కలిసి జనం ముందు వాయించడం మొదలుపెట్టారు, అప్పుడే ఒక పేరు కావాల్సొచ్చింది. అవి శాటిలైట్లు ఎగరేస్తున్న రోజులు. ఎవరో "శాటిలైట్స్" అన్నారట. మనం వాయించేది స్కా (అప్పట్లో జమైకాలో పుట్టిన డాన్సు సంగీతం) కదా, "స్కాటలైట్స్" అని మెకుక్ తిప్పాడట. ఈ కథ చాలాచోట్ల చెబుతారు.

కాబట్టి ఒక్క హిట్టు అన్నది బ్రిటన్ చార్టు లెక్క మాత్రమే. జమైకాలో వీళ్ళు వెనకాల వాయించిన పాటలు ఎన్నో లెక్క తేలదు. గాయకుడి పేరు ముందు, వీళ్ళు వెనక.

కొత్తగా_వచ్చా
ఇది బాబ్ మార్లే బ్యాండేగా?

పాతరికార్డులు
కాదు. కానీ మీరు మరీ దూరంగా ఏం లేరు. మార్లే కుర్రాడిగా ఉన్నప్పుడు అతని గుంపు వెయిలర్స్‌కి మొదట పేరు తెచ్చిన పాట సిమ్మర్ డౌన్. దాని వెనక ఊదింది ఈ గుంపే.

రావులపాలెం_రాజు
అంటే మార్లే పెళ్ళికొడుకు, వీళ్ళు బ్యాండు మేళం. బూర గారి ఇంటి కథే!

మృదంగం_మూర్తి
దరువు సంగతి నేను చెప్తా. దీన్ని మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు. అనాగత గ్రహం. తాళం ముందు మొదలవుతుంది, పాట కొంచెం ఆలస్యంగా అందుకుంటుంది. అంతే, ఇందులో కొత్తేం లేదు.

వయొలిన్_వాణి
మూర్తి గారూ, కాదండీ. గ్రహం అంటే పాట తాళంలో ఎక్కడ ఎత్తుకుంటుంది అన్నది. ఇక్కడ పాట సమంలోనే, అంటే తాళంతో పాటే ఎత్తుకుంటున్నారు, వినండి. గిటారు, పియానో మాత్రం ప్రతి దెబ్బకీ, తర్వాతి దెబ్బకీ సరిగ్గా మధ్యలో పడుతున్నాయి. రెండూ వేరు.

బూర గారూ, ఇలా చేసి చూడండి. ఒక్కో దెబ్బకి తకధిమి అనుకోండి. "త" దగ్గర కాలు నేలకి తాటించండి. "ధి" దగ్గర చప్పట్లు. కాలికి చెయ్యి ఎప్పుడూ తగలకూడదు. స్కాలో గిటారు ఉండేది ఆ "ధి" దగ్గరే. మొగ్గలో తుంచినట్టు టక్కున ఆపేయాలి, సాగనివ్వకూడదు. అయితే తకధిమి మరీ గీత గీసినట్టు సమానంగా కాదు, కొంచెం ఊగుతూ అనాలి. వీళ్ళ మూలం అమెరికా రిథమ్ అండ్ బ్లూస్, అందులోని ఊపు దీనికీ ఉంది.

మృదంగం_మూర్తి
వాణి గారూ, ఒప్పుకుంటున్నా. గ్రహం అన్నది తప్పే. కానీ "మనవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు" అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోను.

రావులపాలెం_రాజు
ఆ మాట వెనక్కి తీసుకుంటే ఫోరమ్ మూసేయాలి సార్.

బందరు_బూర
నిన్న రాత్రి వంటింట్లో కూర్చుని ప్రయత్నించాం. నాన్న కాలు తాటిస్తూ తకధిమి అంటుంటే, నేను అన్నం గిన్నె మూత మీద గరిటెతో "ధి" దగ్గర కొట్టాను. మొదటి పది నిమిషాలు గరిటె వెళ్ళి ఆయన కాలి మీదే పడుతోంది (దరువులో, నిజంగా కాదు). తర్వాత ఒక్కసారిగా దొరికింది. దొరికాక ఆపబుద్ధి కాలేదు. అమ్మ వచ్చి గిన్నె తీసుకుపోయింది.

ఇంకోటి. నాన్న కళ్ళు మూసుకుని విని, "డ్రమ్ము వాడు రెండు, నాలుగు మీద బరువు పెడుతున్నాడురా, మనం ఒకటి, మూడు మీద పెడుతున్నాం, అందుకే మనది పరేడులా ఉంది" అన్నారు. నిజమేనా?

వయొలిన్_వాణి
నూటికి నూరుపాళ్ళు. లాయిడ్ నిబ్ పద్ధతి అదే. మాస్టారి చెవికి దండం.

కోవెంట్రీ_కోడలు
నా హ్యాండిల్ చూసి నవ్వకండి, నిజంగానే ఇక్కడికి కోడలిగా వచ్చాను. మామగారు 70ల్లో డాక్టరుగా వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడ్డారు. అటక సర్దుతుంటే మా ఆడపడుచు చిన్నప్పటి రికార్డుల పెట్టె దొరికింది. అందులో స్పెషల్స్ అనే ఈ ఊరి బ్యాండు 1980 రికార్డు ఒకటి, లైవ్‌లో వాయించింది. అందులో గన్స్ ఆఫ్ నవరోన్ ఉంది! ఆ రికార్డు బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది. అంటే కవర్‌కి కవర్. సినిమా ట్యూనుని జమైకా వాళ్ళు వాయిస్తే, పదిహేనేళ్ళకి వాళ్ళు వాయించినదాన్ని తెల్ల, నల్ల కుర్రాళ్ళు కలిసి కోవెంట్రీ బ్యాండుగా వాయించారు. మా ఆడపడుచుకి ఫోన్ చేసి అడిగితే, "నవరోన్ అంటే జమైకాలో ఊరు అనుకునేదాన్ని" అంది.

వాళ్ళతో ట్రోంబోన్ వాయించిన పెద్దాయన రికో రోడ్రిగ్స్. ఆయన కింగ్‌స్టన్‌లో డాన్ డ్రమండ్ దగ్గర నేర్చుకున్నవాడే. కాబట్టి 14 నెలలతో ఏమీ అయిపోలేదు.

రావులపాలెం_రాజు
నవరోన్ జమైకాలోనే కాదు, గ్రీసులో కూడా లేదు. రచయిత కల్పించిన దీవి. లేని దీవిలో ఉన్న తుపాకుల మీద బందరులో ఊరేగింపు.

కోటిపల్లి_రేవు
అందరూ కథలు బాగా చెబుతున్నారు. నా ప్రశ్నకి మాత్రం జవాబు రాలేదు. అంత ప్రతిభ ఉంటే సొంత ట్యూను హిట్టవ్వాలి కదా? సినిమా ట్యూనే ఎందుకు?

సౌండ్_సురేష్
రేవు అన్నా, నేను డీజేని, నాకు తెలిసింది చెప్తా. అక్కడ 50ల నుంచే సౌండ్ సిస్టమ్ అని ఉండేది. లారీ మీద పెద్ద పెద్ద బాక్సులు, రికార్డు ప్లేయరు వేసుకుని వీధి మధ్యలో డాన్సు పెట్టేవాళ్ళు. కాక్సన్, డ్యూక్ రీడ్ ఇద్దరూ మొదట ఆ బాక్సుల ఓనర్లే. పోటీ అంటే మామూలు పోటీ కాదు. అవతలోడి దగ్గర లేని రికార్డు నీ దగ్గరుండాలి. ముందు అమెరికా రికార్డులు తెచ్చి, లేబుల్ గీకేసి వేసేవాళ్ళు, పక్కోడికి పేరు తెలియకుండా. అమెరికాలో ఆ రకం పాటలు తగ్గిపోయేసరికి, మనమే చేయిద్దాం అని స్టూడియోలు పెట్టారు. అంటే పాట పుట్టిందే డాన్సుకి. జనం సినిమా హాల్లో విని వచ్చిన ట్యూను, వాళ్ళ సొంత దరువులో బాక్సులోంచి వస్తే ఏమవుతుంది? గోల గోల. మా దగ్గర బరాత్‌లో కొత్త సినిమా పాటకి తీన్మార్ కలిపి వదిలితే ఏమవుతుందో అదే.

పాతరికార్డులు
సురేష్ గారు బాగా చెప్పారు. వాళ్ళ పాటల పేర్లు చూసినా అర్థమవుతుంది: క్రిస్టీన్ కీలర్, ఫిడెల్ కాస్ట్రో. ఆ వారం పేపర్లో ఎవరి పేరు మోగుతుంటే వాళ్ళ పేరు. పాటకీ ఆ మనిషికీ సంబంధం ఉండాల్సిన పని లేదు, మాటలే ఉండవుగా! బీటిల్స్ పాటని కూడా స్కా చేసి, స్వాతంత్ర్య వార్షికోత్సవం అని పేరు పెట్టి వదిలారు. 1962 ఆగస్టు 6న స్వాతంత్ర్యం వచ్చిన దేశం, ఇంకా ఆ వేడి తగ్గలేదు.

రేవు గారూ, సొంత ట్యూన్లు లేవని ఎవరన్నారు? ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్ వినండి. డ్రమండ్ సొంతం. బ్రిటన్ చార్టు ఎక్కలేదు, అంతే.

చార్టు సంగతి ఇంకోటి. గన్స్ ఆఫ్ నవరోన్ అక్కడ 36వ స్థానం దాకా వచ్చింది 1967లో. బ్యాండు విడిపోయింది 1965 ఆగస్టులో. పాట చార్టెక్కకముందే మెకుక్ సూపర్‌సోనిక్స్ అని ఒక గుంపు, అల్ఫాన్సో, మిట్టూ సోల్ బ్రదర్స్ అని ఇంకో గుంపు.

రావులపాలెం_రాజు
వియ్యంకులు విడిపోయాక పెళ్ళి వీడియో వైరల్ అయినట్టు.

వయొలిన్_వాణి
మా పెదనాన్న 70ల్లో మద్రాసు స్టూడియోల్లో వయొలిన్ వాయించేవారు. పొద్దున కాల్‌షీట్‌కి ఒక సినిమా, మధ్యాహ్నం ఇంకోటి. ఏ సినిమాకి వాయిస్తున్నారో కూడా చాలాసార్లు తెలిసేది కాదట. నొటేషన్ కాగితం మీద పాట నంబరే ఉండేది. తర్వాత ఎప్పుడో రేడియోలో పాట వస్తే, "ఆగు, ఆ రెండో చరణం ముందు బిట్ నాదే" అని చెయ్యి పైకెత్తేవారు. మేం పిల్లలం నమ్మేవాళ్ళం కాదు, ఎందుకంటే రికార్డు మీద ఆయన పేరు లేదు. కాల్‌షీట్ డబ్బులు చేతిలో పెట్టడంతో ఆయనకీ ఆ పాటకీ సంబంధం తెగిపోయింది.

జమైకాలో కూడా ఇంతేనని తెలిశాక పెదనాన్న గుర్తొచ్చారు. ఒక్కో పాటకి ఇంత అని చేతిలో పెట్టేవాళ్ళు. పాట లండన్‌లో ఎంత అమ్ముడైతే వాళ్ళకేంటి?

కోటిపల్లి_రేవు
ఇది మాత్రం తగిలింది.

నిద్రలేని_నారాయణ
ఆలస్యంగా వచ్చా. డాన్ డ్రమండ్ పేరు తలిచారు కాబట్టి చెప్తున్నా. మేధావి అంటే అతనే. మానసిక జబ్బుతో బాధపడుతూనే వాయించాడు. 1965 కొత్త సంవత్సరం మొదట్లోనే ప్రియురాలిని పొడిచి చంపాడు, బెల్‌వ్యూ మానసిక ఆసుపత్రిలో పెట్టారు, 1969లో అక్కడే పోయాడు. ఆ ట్రోంబోన్‌లోని విషాదమంతా ఆ ప్రేమదే. నిజమైన కళాకారుల జీవితాలు ఇలాగే ఉంటాయి.

కోవెంట్రీ_కోడలు
ఆగండి నారాయణ గారూ. "ప్రియురాలు" అని వదిలేశారు, ఆవిడకో పేరుంది. అనీటా మహ్‌ఫూద్, వేదిక మీద మార్గరీటా. కింగ్‌స్టన్‌లో పేరున్న రుంబా డాన్సరు. అప్పట్లో రాస్తఫారీల (జమైకాలో పుట్టిన ఒక మతం వాళ్ళు) డప్పులంటే మర్యాదస్తులు గుమ్మం దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. వాళ్ళలో కౌంట్ ఓసీ అనే ఆయన డ్రమ్మర్లు వాయించకపోతే నేను ఆడను అని పట్టుబట్టి వాళ్ళని వేదిక ఎక్కించింది ఈవిడే అని చెబుతారు. తనూ ఒక పాట పాడి రికార్డు చేసింది. ఆవిడని చంపితే అది ప్రేమ విషాదం కాదు. హత్య. అతనికి జబ్బుంది, నిజమే, దానికి సరైన వైద్యం అందలేదేమో, అది వేరే బాధ. రెండిటినీ కలిపి కవిత్వం చేయకండి.

నిద్రలేని_నారాయణ
మీరన్నది సబబే. ఆవిడ గురించి ఇంత తెలియదు. తొందరపడి రాశాను.

బందరు_బూర
నారాయణ గారి పోస్టుకి ముందే నాన్నకి ఆ ఈస్టర్న్ స్టాండర్డ్ టైమ్ వినిపించాను. ఈ గొడవేదీ ఆయనకి తెలియదు. విని కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "వీడెవడో పెళ్ళికి వచ్చాడు కానీ భోజనానికి కూర్చోడు" అన్నారు.

వయొలిన్_వాణి
మాస్టారిని ఫోరమ్‌లో చేర్పించండి, మేం తప్పుకుంటాం.

కొత్తగా_వచ్చా
వీళ్ళందరూ ఎక్కడ నేర్చుకున్నారు? మ్యూజిక్ కాలేజీనా?

పాతరికార్డులు
అదే అసలు కథ. ఆల్ఫా బాయ్స్ స్కూల్. కింగ్‌స్టన్‌లో సౌత్ క్యాంప్ రోడ్డు మీద, కేథలిక్ సిస్టర్లు నడిపేవాళ్ళు. అనాథలు, ఇంట్లో పెంచలేని పిల్లలు, మాట వినని పిల్లలు అని ముద్ర పడినవాళ్ళు, అందరూ అక్కడికే. టైలరింగ్, ప్రింటింగ్, తోటపని లాంటి చేతిపనులు నేర్పేవాళ్ళు, వాటితో పాటు బ్యాండు. మెకుక్, డ్రమండ్, స్టెర్లింగ్, మూర్, నలుగురూ ఆ స్కూలు పిల్లలే. రికో కూడా. సిస్టర్ మేరీ ఇగ్నేషియస్ అని ఒకావిడ దశాబ్దాల పాటు వాళ్ళని చూసుకుంది. ఆవిడకి సొంత రికార్డుల కలెక్షన్ ఉండేది, పిల్లలకి తనే వేసి వినిపించేది.

బ్యాండులో నేర్పింది పరేడు సంగీతం, క్లాసికల్. బయటికొచ్చి జాజ్ వాయించారు. హోటళ్ళలో టూరిస్టులకి వాయించారు. ఆ తర్వాత స్కా. కాబట్టి బూర గారూ, మీ మేళంలో ఒకటి, మూడు మీద కొట్టడం చూసి సిగ్గుపడకండి. వాళ్ళూ అక్కడి నుంచే వచ్చారు.

సబీనా_పార్క్_ఎండ్
జమైకా అంటే నాకు హోల్డింగ్, వాల్ష్, గేల్. ఇంత బ్యాండు కథ ఉందని ఇప్పుడే తెలిసింది. హోల్డింగ్ రన్నప్ ఈ దరువుకి సరిపోతుందా?

మృదంగం_మూర్తి
సరిపోదు. ఆయన అడుగు వినిపించేదే కాదు. అంపైర్లే చెప్పారు.

వేదిక_నిర్వాహకుడు
క్రికెట్‌కి వేరే గది ఉంది. దయచేసి అక్కడ.

కోటిపల్లి_రేవు
సరే, సగం ఒప్పుకుంటున్నా. అయితే అదే 1964లో మిల్లీ స్మాల్ పాడిన మై బాయ్ లాలీపాప్ బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ రెండో స్థానానికి వెళ్ళింది. అదీ పాత అమెరికా పాటకి కవరే. అంటే స్కాకి బయట పేరు తెచ్చిన ఈ రెండూ అరువు పాటలే. ఇది కాదనండి చూద్దాం.

పాతరికార్డులు
కాదనను. కానీ మీరు గెలిచింది పాట అనుకుంటున్నారు, నేను దరువు అంటున్నాను. పాట అరువుది, దరువు సొంతం. బాక్సు బయటికి తీసుకెళ్ళడానికి తెలిసిన రేపర్ చుట్టారు. ఆ దరువు 1966కి నెమ్మదించి రాక్‌స్టెడీ అయింది, ఇంకో రెండేళ్ళకి రెగే అయింది. రేపర్ ఎక్కడ పడేశారో ఎవరికి కావాలి?

కోటిపల్లి_రేవు
త్యోమ్‌కిన్‌కి కావాలి.

పాతరికార్డులు
😄 సరే, ఇక్కడ ఆగుదాం.

సౌండ్_సురేష్
వీళ్ళు మళ్ళీ కలవలేదా?

వయొలిన్_వాణి
కలిశారు. 1983లో జమైకాలోని మాంటెగో బేలో, రెగే సన్‌స్ప్లాష్ అనే సంగీతోత్సవంలో. తర్వాత దేశాలు తిరిగారు, 90ల్లో గ్రామీ నామినేషన్లు రెండు. మెకుక్, అల్ఫాన్సో ఇద్దరూ 1998లో, కొన్ని నెలల తేడాలో పోయారు. ఇద్దరూ పుట్టింది కూడా ఒకే ఊళ్ళో, క్యూబాలోని హవానాలో.

రావులపాలెం_రాజు
బూర గారూ, పెళ్ళి అయిపోయి ఉండాలే? వాయించారా లేదా?

బందరు_బూర
మొన్నే అయింది. చెప్తా.

ఊరేగింపు మొదట్లో మామూలు పాటలే. రెండో సెంటర్ దాటాక నాన్న చెయ్యెత్తారు, మొదలుపెట్టాం. మా సైడ్ డ్రమ్ కుర్రాడికి నెల రోజులు తకధిమి నూరిపోశాం కాబట్టి వాడు గట్టిగానే నిలబడ్డాడు. క్లారినెట్లు ఇద్దరినీ ట్యూను ఊదొద్దని చెప్పి, గిటారు బదులు "ధి" దగ్గర ఒక్క కూత కూయమన్నాం. అది బాగా కుదిరింది. పాడైపోయింది పెద్ద డ్రమ్ము దగ్గర. ఆయన నాన్న కంటే సీనియరు, 40 ఏళ్ళుగా ఒకటి మీద కొడుతున్న చెయ్యి. నడుస్తూ వాయించాలి కదా, ఎడమ కాలు పడినప్పుడల్లా చెయ్యి కూడా పడిపోతోంది. అరనిమిషంలో సగం మేళం స్కా, సగం మేళం పరేడు.

నాన్న ఆపలేదు. "నడక ఆపండ్రా!" అని అరిచారు. అందరం రోడ్డు మధ్యలో నిలబడిపోయాం. కాళ్ళు ఆగేసరికి పెద్దాయన చెయ్యి దారికొచ్చింది. అక్కడే నిలబడి నాలుగుసార్లు తిప్పి తిప్పి వాయించాం. వెనక ఆటోలు, ఒక ఆర్టీసీ బస్సు. బస్సు డ్రైవరు హారన్ కొట్టడం మొదలుపెట్టాడు.

వయొలిన్_వాణి
ఒకటి మీదా, "ధి" మీదా?

బందరు_బూర
ఒకటి మీదేనండి.

సౌండ్_సురేష్
వీడియో పెట్టు అన్నా!

బందరు_బూర
మా బావకి ఫోనిచ్చాను. మూడు నిమిషాలు తీశాడు. అందులో పెళ్ళికొడుకు తలపాగా వెనక భాగం, ఆ బస్సు నంబరు ప్లేటు బాగా వచ్చాయి.